లైవ్ ఇచ్చే ఛానల్ ఎవరి చేతిలో ఉంది?



2024 సెప్టెంబరు 20, శుక్రవారం. ఆ రోజు మన సుప్రీంకోర్టు యూట్యూబ్ ఛానల్ తెరిచినవాళ్లకు కోర్టు కనిపించలేదు. రిప్పుల్ అనే అమెరికన్ కంపెనీ పేరు, దానికి సంబంధించిన ఎక్స్‌ఆర్‌పీ అనే క్రిప్టో కరెన్సీ గురించిన వీడియో కనిపించాయి. అంతకు మూడు రోజుల ముందు, 17వ తేదీన, కోల్‌కతా ఆర్‌జీ కర్ వైద్యకళాశాల కేసు విచారణను దేశమంతా అదే ఛానల్‌లో చూసింది. ఆ లైవ్ ఆపించండి అని సీనియర్ న్యాయవాది ఒకరు కోరితే, ఇది ప్రజలకు సంబంధించిన విషయం, ఆపేది లేదు అని ధర్మాసనం తేల్చిచెప్పింది. అలాంటి ఛానల్‌ను ముక్కూమొహం తెలియని ఎవరో మూడో నాటికల్లా తమ గుప్పిట్లో పెట్టుకున్నారు.

కోర్టు విచారణ ప్రజలకు కనిపించే దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. ముఖ్యమైన కేసుల విచారణను ప్రత్యక్షంగా చూపవచ్చని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 2018లో. మన ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరం బిడ్డ జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసిన రోజు, 2022 ఆగస్టు 26న, తొలిసారి ఆ కోర్టు హాలు లైవ్‌లో కనిపించింది. మరో నెలకు రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు క్రమం తప్పకుండా రావడం మొదలైంది. అంత శ్రమపడి తెరిచిన వాకిలి అది.

కోర్టుకైతే వెనక ప్రభుత్వ సాంకేతిక విభాగం ఉంది, గంటల్లో పట్టించుకునేవాళ్లున్నారు. తెనాలిలోనో కరీంనగర్‌లోనో పెళ్లిళ్లు లైవ్ ఇచ్చే స్టూడియోకి ఎవరున్నారు? ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ల కోసం. గుడి కమిటీల కోసం, ఆదివారం ఆరాధన లైవ్ ఇచ్చే చర్చిల కోసం, పద్యనాటకాలు ఊరూరా తిరిగి చూపిస్తున్న ఛానళ్ల కోసం, పాఠాలు చెప్పే మాస్టార్ల కోసం.

2020లో కరోనా వచ్చి చుట్టాలను ఇళ్లలో కూర్చోబెట్టాక మన పెళ్లిళ్లలో లైవ్ మామూలైపోయింది. ఇప్పుడు శుభలేఖ కిందే లింకో క్యూఆర్ కోడో ఉంటోంది. ఇక్కడ అర్ధరాత్రి పన్నెండున్నరకు ముహూర్తమైతే వేసవిలో డాలస్‌లో మధ్యాహ్నం రెండు గంటలు. వీసా దొరకక రాలేకపోయిన అన్న ఆఫీసులో సెలవు పెట్టి ఆ లింకు ముందు కూర్చుంటాడు. జీలకర్ర బెల్లం ఒక్కసారే పెడతారు. ఆ నిమిషంలో ఛానల్ చేజారితే మర్నాడు తిరిగొచ్చి ఏం లాభం? రికార్డింగు చూడొచ్చు, నిజమే. కానీ ఆ అన్న కోరుకున్నది రికార్డింగు కాదు. మామూలు మెయిల్ ఖాతాకైనా జాగ్రత్త అవసరమే. లైవ్ ఖాతాకు ఇంకొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలని నేననడానికి కారణం ఇదే. ఇక్కడ పోయిన సమయం తిరిగి రాదు.

దొంగకు మన పెళ్లి వీడియోలతో పనేమిటి అనిపించవచ్చు. అతనికి కావలసింది వీడియోలు కాదు, ఆ ఛానల్ వయసు, సబ్‌స్క్రైబర్లు, వాళ్ల నమ్మకం. గూగుల్‌లో ఇలాంటి ముప్పులను గమనించే బృందం 2021 అక్టోబరులో ఒక నివేదిక ఇచ్చింది. 2019 చివరి నుంచి యూట్యూబర్ల మీద సాగుతున్న దాడుల గురించి అందులో వివరంగా ఉంది. కాజేసిన ఛానల్‌ను సబ్‌స్క్రైబర్ల సంఖ్యను బట్టి 3 డాలర్ల నుంచి 4,000 డాలర్ల దాకా అమ్ముతున్నారట. కొన్నింటిని అమ్మకుండా పేరు, ఫొటో మార్చి, పెద్ద కంపెనీ వేషం వేసి, క్రిప్టో పంపండి, రెట్టింపు చేసి ఇస్తాం అని లైవ్ నడుపుతున్నారు. నమ్మి పంపినవాడి డబ్బు పోతుంది, చెడ్డపేరు ఛానల్ సొంతదారుకు మిగులుతుంది. ఆ నివేదిక వచ్చేనాటికి గూగుల్ సుమారు 4,000 ఖాతాలను సొంతదారులకు తిరిగి ఇప్పించింది.

ఇక, ఎలా కాజేస్తున్నారు? పాస్‌వర్డ్ కనిపెట్టి అనుకుంటాం. అందుకే పాస్‌వర్డ్ పొడవు పెంచి, అంకెలు, గుర్తులు చేర్చి, పనైపోయిందని ఊపిరి పీల్చుకుంటాం. చాలా సందర్భాల్లో దొంగ పాస్‌వర్డ్ జోలికే రావడం లేదు.

ఒక మెయిల్ వస్తుంది. మీ ఛానల్ చూశాం, బాగుంది, మా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ గురించి ఒక్క నిమిషం చెప్పండి, ఇన్ని వందల డాలర్లు ఇస్తాం అని ఉంటుంది. కంపెనీ పేరు నిజమైనదే. భాష మర్యాదగా ఉంటుంది. మీరు బదులిస్తే వాళ్లూ బదులిస్తారు, రేటు దగ్గర బేరం కూడా ఆడతారు. రెండు మూడు ఉత్తరాలయ్యాక ఒప్పంద పత్రం వస్తుంది. అది నేరుగా పీడీఎఫ్‌గా రాదు, జిప్ ఫైలుగా వస్తుంది. దాన్ని తెరవడానికి పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాసి ఉంటుంది. ఎందుకా పాస్‌వర్డ్? రహస్యం కోసం కాదు. అలా మూసిన ఫైలు లోపల ఏముందో యాంటీవైరస్ చూడలేదు, అందుకు. జిప్ విప్పితే పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైలు కనిపిస్తుంది. పేరు చివర పీడీఎఫ్ అనే ఉంటుంది. కానీ విండోస్ మామూలుగా ఫైలు పేరులో ఆఖరి ముక్కను దాచిపెడుతుంది. ఆ ముక్క ఎస్‌సీఆర్. అంటే స్క్రీన్ సేవర్, అంటే ప్రోగ్రాం. రెండు పేజీల ఒప్పందం వందల ఎంబీల బరువు కూడా ఉంటుంది. మరీ పెద్ద ఫైళ్లను కొన్ని యాంటీవైరస్‌లు పరీక్షించకుండా వదిలేస్తాయి కాబట్టి కావాలనే ఉబ్బిస్తారు. మీరు రెండుసార్లు నొక్కుతారు. ఏమీ తెరుచుకోదు. ఫైలు పాడైంది కాబోలు, మళ్లీ పంపమందాం అనుకుంటారు. అప్పటికే పని జరిగిపోయి ఉంటుంది.

ఏం జరిగిందో చెప్పాలంటే లాగిన్ ఎలా పనిచేస్తుందో ఒక్కమాట చెప్పాలి. ఎగ్జిబిషన్ గేటు దగ్గర టికెట్ చూపిస్తే చేతికి పట్టీ కడతారు కదా. ఆ తరవాత ఎన్నిసార్లు బయటికెళ్లి వచ్చినా పట్టీ చూస్తారే గానీ టికెట్ అడగరు. మీరు పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి ఒకసారి లాగిన్ అయ్యాక బ్రౌజరులో సెషన్ కుకీ అనే పట్టీ పడుతుంది. ఆ ఫైలులోని ప్రోగ్రాం ఎత్తుకెళ్లేది దాన్ని. దొంగ దాన్ని తన బ్రౌజరులో పెట్టుకుంటే యూట్యూబ్‌కు అతను మీరే. పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ రాదు, మీ ఫోన్ మోగదు.

కెనడాలోని లైనస్ టెక్ టిప్స్ అనే ఛానల్ పని కంప్యూటర్ల గురించి చెప్పడమే. కోటిన్నరకు పైగా సబ్‌స్క్రైబర్లున్నారు. 2023 మార్చి 23న దానికీ ఇదే జరిగింది. ఉద్యోగి ఒకరు స్పాన్సర్ ఒప్పందం అనుకొని ఫైలు తెరిచారు. కాసేపటికి ఛానల్ పేరు టెస్లాగా మారింది, ఎలాన్ మస్క్ పాత వీడియోతో క్రిప్టో లైవ్ మొదలైంది. ఆ సంస్థవే ఇంకో రెండు ఛానళ్లు కూడా పోయాయి. నిర్వాహకుడు లైనస్ సెబాస్టియన్ తరవాత వీడియో చేసి, ఏం జరిగిందో దాచకుండా చెప్పారు. ఫైలు తెరిచిన ఉద్యోగిని నిందించలేదు, శిక్షణ మేమే సరిగా ఇవ్వలేదన్నారు. ఆ తీరు నాకెంతో నచ్చింది. తిడతారన్న భయం ఉన్నచోట పిల్లలు నోరు విప్పరు. ఫైలు తెరిచిన కుర్రాడు ఆ నిమిషంలోనే వచ్చి చెప్పగలిగితే ఛానల్ దక్కే అవకాశం ఉంటుంది. సాయంత్రం దాకా దాస్తే ఉండదు. స్టూడియో యజమానులు దీన్ని మనసులో పెట్టుకోవాలి.

మన దగ్గర స్పాన్సర్ల మెయిళ్లకన్నా దగ్గరి దారి ఇంకొకటుంది. క్రాక్ సాఫ్ట్‌వేర్. పెళ్లి వీడియో ఎడిటింగుకు, ఆల్బమ్ డిజైనుకు కావలసిన ప్రోగ్రాములు ఖరీదైనవి. డబ్బు కట్టకుండా నడిచే కాపీలు, ప్లగిన్లు, ఆల్బమ్ పీఎస్‌డీలు టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. వాటితోపాటు ఒక సూచన ఉంటుంది, ముందు యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయండి అని. ఆ సూచన ఎవరి మేలు కోసమో ఆలోచించండి. చిన్న స్టూడియో ఖర్చులు నాకు తెలియనివి కావు, సీజన్ లేని నెలల్లో అద్దె కట్టడమే కష్టం. అయినా గట్టిగానే చెబుతాను. క్రాక్ సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్‌లో ఛానల్ లాగిన్ ఉండకూడదు. లైవ్ పంపడానికి ఎక్కువమంది వాడే ఓబీఎస్ స్టూడియో పూర్తిగా ఉచితం, దాన్ని ఎక్కడినుంచో తెచ్చుకోవలసిన పని లేదు. దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. ఓబీఎస్ పేరుతో నకిలీ సైట్లు గూగుల్ ప్రకటనల్లోనే పైన కనిపిస్తూ మోసం చేసిన సంగతి 2023 జనవరిలో బయటపడింది.

వీలైతే లైవ్‌కు వేరే కంప్యూటర్ పెట్టండి. అందులో మెయిళ్లు చూడటం, వాట్సాప్ తెరవడం, సినిమాలు దించడం ఏదీ వద్దు. రెండో కంప్యూటర్ కొనే స్తోమత లేకపోతే, వచ్చిన మెయిళ్లు, ఫైళ్లు ఫోనులో చూసుకోండి. విండోస్‌కు తయారైన ఆ ప్రోగ్రాం ఫోనులో నడవదు. కంప్యూటర్‌లో ఫైళ్ల ఆఖరి ముక్క కనిపించేలా కూడా చేసుకోవచ్చు. విండోస్ 11లో ఫైళ్ల కిటికీ తెరిచి వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కాలి. అర నిమిషం పని.

ఇప్పుడు స్ట్రీమ్ కీ సంగతి. లైవ్ ఇచ్చేవాళ్లకు తెలుసు, తెలియనివాళ్ల కోసం చెబుతాను. మీ ఛానల్‌కు వీడియో పంపడానికి యూట్యూబ్ ఇచ్చే పొడవాటి అక్షరాల వరుస అది. దాన్ని ఓబీఎస్‌లోనో, కెమెరా పక్కన పెట్టే ఎన్‌కోడర్‌లోనో వేస్తే దృశ్యం మీ ఛానల్‌కు చేరుతుంది. ఆ కీ ఉన్నవాడు మీ ఖాతాలోకి రాలేడు, వీడియోలు చెరపలేడు. కానీ మీ పేరు మీద ఏదైనా ప్రసారం చేయగలడు. దానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు.

ఇంత శక్తి ఉన్న ఆ కీని మనం ఏం చేస్తున్నాం? పెళ్లి ఒప్పుకున్న స్టూడియో లైవ్ యూనిట్‌ను బయటినుంచి పిలుస్తుంది. కీని వాట్సాప్ గ్రూపులో పెడుతుంది. గ్రూపులో డ్రోన్ అబ్బాయి, ఎల్‌ఈడీ గోడ వాళ్లు, జనరేటర్ వాళ్లు అందరూ ఉంటారు. పెళ్లి అయిపోతుంది, గ్రూపు మిగిలిపోతుంది, యూనిట్ వాళ్ల ఎన్‌కోడర్‌లో కీ మిగిలిపోతుంది. ఇందులో దొంగతనం కూడా అవసరం లేదు, పొరపాటు చాలు. వచ్చే నెల అదే ఎన్‌కోడర్ ఇంకో ఊళ్లో ఆన్ చేస్తే అక్కడి కార్యక్రమం మీ ఛానల్‌కు వచ్చి చేరవచ్చు. ఎవరైనా కొత్త సినిమా ప్రసారం చేస్తే కాపీరైట్ స్ట్రైక్ మీ ఛానల్‌కు పడుతుంది. అలాంటివి 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు.

దీనికి మందు సులువైనదే. యూట్యూబ్ లైవ్ కంట్రోల్ రూమ్‌లో కీని రీసెట్ చేయవచ్చు, కార్యక్రమానికో కొత్త కీ చేసుకోవచ్చు. పెళ్లికో కీ ఇవ్వండి, పెళ్లి మర్నాడు మార్చేయండి. కీని గ్రూపులో పెట్టకుండా, లైవ్ నడిపే ఒక్క మనిషికే పంపండి. ఓబీఎస్ సెట్టింగులలో కీ మామూలుగా చుక్కలుగానే కనిపిస్తుంది, పక్కన చూపించే బటన్ నొక్కితే బయటపడుతుంది. ఆ కంప్యూటర్ తెర అప్పుడు ఎల్‌ఈడీ గోడ మీదకో లైవ్‌లోకో వెళ్లడం లేదని చూసుకున్నాకే నొక్కండి. 2021 అక్టోబరులో వీడియో గేముల లైవ్‌లకు పేరున్న ట్విచ్ సంస్థ డేటా బయటికి పొక్కినప్పుడు, ముందు జాగ్రత్తగా ఆ సంస్థ చేసిన పని అందరి స్ట్రీమ్ కీలనూ మార్చేయడం. అంత పెద్ద సంస్థే అలా చేసింది.

పాస్‌వర్డ్‌ను నలుగురు పంచుకోవడం మన స్టూడియోల్లో మామూలైంది. అన్న దగ్గర ఉంటుంది, ఎడిటర్ దగ్గర ఉంటుంది, పాత అసిస్టెంటు పని మానేసి సొంతంగా పెట్టుకున్నా అతని దగ్గరా ఉంటుంది. అతను మంచివాడే కావచ్చు. కానీ అతని లాప్‌టాప్‌లో ఏముందో మీకు తెలియదు. యూట్యూబ్ స్టూడియో సెట్టింగులలో పర్మిషన్స్ అని ఉంది. ఎవరి మెయిల్ ఐడీ వాళ్లది పెట్టి వాళ్ల పనికి తగ్గ అధికారం అక్కడ ఇవ్వవచ్చు. మేనేజర్ ఇతరులను చేర్చగలడు, తీసేయగలడు. ఎడిటర్‌కు ఆ అధికారం లేదు. వ్యూయర్ లెక్కలు చూడగలడు, అంతే. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మనిషి వెళ్లిపోయిన రోజు అతని పేరు తీసేస్తే సరిపోతుంది. మీ ఖాతాకు తోడుగా కలిపిన యాప్‌ల జాబితా కూడా చూడండి. ఒకేసారి ఫేస్‌బుక్‌కూ యూట్యూబ్‌కూ పంపించే సర్వీసులు ఎప్పుడో వాడి వదిలేసినవి అందులో ఇంకా అనుమతితోనే ఉంటాయి.

సెషన్ కుకీ దొంగను ఆపలేకపోయినా రెండంచెల ధ్రువీకరణ తప్పదు. డబ్బు సంపాదించే ఛానళ్లకు 2021 నవంబరు 1 నుంచి గూగుల్ దాన్ని తప్పనిసరి చేసింది. ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ, అసలు ఏదీ లేకపోవడం కన్నా మేలే. కానీ నకిలీ లాగిన్ పేజీలో మీరు కొట్టిన ఓటీపీని అప్పటికప్పుడే అసలు పేజీలో వాడేస్తారు. పాస్‌కీ గానీ, యూఎస్‌బీ సెక్యూరిటీ కీ గానీ అలా మోసపోదు. అది అసలు సైటు చిరునామాకే బదులిస్తుంది. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. వాటిని ఫోటో తీసి గ్యాలరీలో దాచితే ఫోనుతోపాటు అవీ పోతాయి.

ఖాతాకిచ్చిన ఫోన్ నంబరు ఇప్పుడు మీ దగ్గరే ఉందా? రీచార్జి చేయక ఆగిపోయిన నంబరును 90 రోజుల తరవాత కంపెనీ ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. ఆ కొత్త మనిషికి మీ రికవరీ కోడ్ వెళుతుంది. దుబాయ్, కువైట్ వెళ్లి ఇక్కడి సిమ్ వదిలేసినవాళ్లు, అమెరికా వెళ్లి ఊరి గుడి ఛానల్ అక్కడినుంచే చూసుకుంటున్నవాళ్లు ఈ విషయం తప్పకుండా సరిచూసుకోవాలి.

ఇన్ని చేసినా పోతే? కంగారులో అదే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మారుస్తారు. అలా చేయవద్దు. కొత్త పాస్‌వర్డ్‌నూ అదే ప్రోగ్రాం పట్టుకుపోతుంది. ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. వేరే కంప్యూటర్ నుంచో ఫోను నుంచో గూగుల్ ఖాతా తెరిచి, మీ డివైస్‌లు అన్నచోట అన్నిటినీ సైనౌట్ చేయండి. ఆ తరవాత పాస్‌వర్డ్ మార్చి, రికవరీ నంబరు, రికవరీ మెయిల్ మీవేనా చూసి, పర్మిషన్లలో కొత్త పేర్లు తీసేసి, స్ట్రీమ్ కీ మార్చండి. మెయిల్ ఫిల్టర్లు కూడా చూడండి. గూగుల్ నుంచి వచ్చే హెచ్చరికలు మీకు కనిపించకుండా దొంగ ఏదైనా నియమం పెట్టి ఉండవచ్చు. ఖాతాలోకి వెళ్లడమే కుదరకపోతే గూగుల్ రికవరీ పేజీ ఉంది, ఎక్స్‌లో టీమ్ యూట్యూబ్ అనే అధికారిక ఖాతా ఉంది. అక్కడ రాయగానే, మేం ఛానల్ తిరిగి ఇప్పిస్తాం, ఫీజు ఇంత అంటూ కొత్తవాళ్లు మెసేజ్‌లు పెడతారు. వాళ్లు రెండో విడత దొంగలు. వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

మీ ఛానల్‌లో వచ్చిన దొంగ లైవ్ చూసి ఎవరైనా డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయమనండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఆపడం కష్టం. మీరు కూడా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. మీ పేరుతో జరిగిన మోసంలో మీ చేయి లేదనడానికి రేపు ఆ కాగితమే పనికొస్తుంది.

గుడి కమిటీల పెద్దలకు, సంఘ కాపరులకు, నాటక సమాజాల వారికి ఒక విన్నపం. మీ ఛానల్ చాలావరకు ఊళ్లో కంప్యూటర్ తెలిసిన ఒక కుర్రాడు తన సొంత జీమెయిల్ మీద మొదలుపెట్టి ఉంటాడు. ఇప్పుడతను బెంగళూరులో ఉద్యోగంలో ఉండవచ్చు. ఈ ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు అతనికి ఫోన్ చేసి ఛానల్ ఏ మెయిల్ మీద ఉందో, ఏ ఫోన్ నంబరు ఇచ్చాడో, ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారో అడిగి రాసుకోండి. సంస్థ పేరున ఒక మెయిల్ ఖాతా తెరిచి, దాన్నీ బాధ్యత గల ఇద్దరినీ మేనేజర్లుగా చేర్చమనండి. మీ తరవాతి కార్యక్రమం నాటికి ఈ పని పూర్తి కావాలి.